ఫిల్మ్ స్కూల్లో ఫీజు కట్టేముందు

ముందుగా తేల్చుకోవాల్సింది సర్టిఫికెట్ సంగతి. డిగ్రీ ఇస్తామంటే ఏ యూనివర్సిటీ పేరు మీదో అడగండి. యూజీసీ చట్టం (1956) 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు యూనివర్సిటీలకూ, చట్టం అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. ఆ యూనివర్సిటీతో అనుబంధం (అఫిలియేషన్) ఈ కోర్సుకు, ఈ ఏడాదికి ఉందో లేదో యూనివర్సిటీ వెబ్‌సైట్లోనే చూసుకోండి, బ్రోషర్‌లో కాదు. గుర్తింపు లేని కోర్సు ఫీజు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. చెప్పిన మొత్తంలో అది కలిసిందా?

సినిమాటోగ్రఫీలో చేరేవాళ్లు కెమెరా మోడల్ చూసి మురిసిపోవద్దు. బ్యాచ్‌లో ఎందరు, కెమెరాలెన్ని, ఒక్కొక్కరి చేతికి ఎన్ని రోజులొస్తుంది అని లెక్క అడగండి. ముప్పైమందికి ఒకటే కెమెరా అయితే ఎక్కువమంది చూస్తూ నిలబడాల్సిందే. లెన్సులు, లైట్లు స్కూలువా, అద్దెవా? అద్దెవైతే బిల్లు ఎవరిది?

డిప్లొమా సినిమా (కోర్సు చివర విద్యార్థులు తీసే సినిమా) దగ్గరే అసలు ఖర్చు బయటపడుతుంది. నటుల పారితోషికం, లొకేషన్, భోజనాలు, డబ్బింగ్, కలర్ గ్రేడింగ్ (దృశ్యాల రంగులు సరిదిద్దడం)లో స్కూలు భరించేది ఎంతో కాగితం మీద రాయించుకోండి. హార్డ్ డిస్కులు సాధారణంగా మీవే. 4కె ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే నాణ్యమైన వీడియో ఫార్మాట్‌లో గంట ఫుటేజీ 300 జీబీ దాటుతుంది, రెండు కాపీలు తప్పనిసరి.

సినిమా హక్కులు ఎవరివో, ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు పంపడానికి అనుమతి కావాలో కూడా ఒప్పందంలో చూడండి.

బోధకుల జాబితాలో పెద్ద పేర్లుంటాయి. వారానికి ఎన్ని గంటలు ఎవరు చెబుతారో టైమ్‌టేబుల్ అడిగి, నిరుడు పాసైన విద్యార్థులతో విడిగా మాట్లాడండి. రసీదు లేకుండా, మధ్యలో మానేస్తే ఎంత వాపసిస్తారో రాసివ్వకుండా అడ్వాన్సు ఇవ్వకండి.