స్క్రిప్ట్ నుంచి కమాండ్లు: లినక్స్, మ్యాక్, విండోస్ మూడింట్లోనూ నడవాలంటే

లినక్స్‌లో చక్కగా నడిచిన స్క్రిప్ట్ విండోస్‌లో మొరాయించగానే చాలామంది కొటేషన్ మార్కులు అటూ ఇటూ మార్చి చూస్తారు. తప్పు ఎక్కువసార్లు వాటిలో ఉండదు. మీ స్క్రిప్ట్‌కీ, నడవాల్సిన ప్రోగ్రామ్‌కీ మధ్య అక్కర్లేకుండా ఒక షెల్ (కమాండ్ లైన్‌ని చదివి, విడగొట్టి నడిపే ప్రోగ్రామ్) కూర్చుని ఉంటుంది, అదీ అసలు చిక్కు. ఎందుకంటే ఆ షెల్ ఏ రెండు చోట్లా ఒకటి కాదు. పైథాన్‌లో బయటి కమాండ్లు నడిపే సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌కి షెల్=ట్రూ అని ఇస్తే లినక్స్, మ్యాక్‌లలో ఎస్‌హెచ్ నడుస్తుంది, విండోస్‌లో సీఎండీ నడుస్తుంది. పోనీ ఎస్‌హెచ్ అయినా ఒకటేనా అంటే, ఉబుంటులో 2006 నుంచి ఆ పేరు వెనక ఉన్నది డ్యాష్ అనే షెల్, మ్యాక్‌లో మామూలుగా ఉండేది బ్యాష్ అనే ఇంకో షెల్, అదీ పాత 3.2 వెర్షన్.

ఒక ఫైల్ పేరు "జమా & ఖర్చు.టెక్స్ట్" అనుకుందాం. దాన్ని "గిట్ యాడ్" (ఫైల్ మార్పుల్ని భద్రపరిచే గిట్‌కి ఫైల్‌ని చేర్చే కమాండ్) పక్కన అతికించి ఒకే స్ట్రింగ్‌గా షెల్‌కి ఇచ్చారు. ఎస్‌హెచ్ & గుర్తు చూడగానే "గిట్ యాడ్ జమా" వరకు కోసి బ్యాక్‌గ్రౌండ్‌లోకి పంపేస్తుంది, మిగిలిన "ఖర్చు.టెక్స్ట్"ని ఇంకో కమాండ్ అనుకుని వెతుకుతుంది. సీఎండీ కూడా అక్కడే కోస్తుంది, కాకపోతే ఒకదాని తర్వాత ఒకటి నడుపుతుంది. సింగిల్ కోట్స్ పెడితే ఎస్‌హెచ్‌లో పని జరుగుతుంది, సీఎండీకి మాత్రం సింగిల్ కోట్ మామూలు అక్షరమే, కాబట్టి మళ్లీ అదే కోత. డబుల్ కోట్స్ పెడితే ఈ పేరు రెండు చోట్లా గట్టెక్కుతుంది గానీ, రేపు పేరులో $ వస్తే ఎస్‌హెచ్ దాన్ని వేరియబుల్‌గా తీసుకుంటుంది, రెండు % గుర్తుల మధ్య ఏదైనా వస్తే సీఎండీ తీసుకుంటుంది. కోట్స్ తనే పెట్టే పైథాన్ ఫంక్షన్ షెలెక్స్.కోట్ వాడదామన్నా అది ఎస్‌హెచ్ తరహా షెల్‌ల కోసమే, సీఎండీకి పనికిరాదు.

షెల్‌ని తప్పించి, ప్రోగ్రామ్ పేరునీ ఆర్గ్యుమెంట్లనీ విడివిడిగా లిస్ట్‌లో ఇవ్వండి:

సబ్‌ప్రాసెస్.రన్(["గిట్", "యాడ్", "--", ఫైల్‌పేరు], చెక్=ట్రూ)

ఇప్పుడు పేరులో ఏ గుర్తున్నా ఎవరూ కొయ్యరు. ఆ రెండు హైఫన్లు ఎందుకంటే, హైఫన్‌తో మొదలయ్యే ఫైల్ పేరుని గిట్ ఆప్షన్ అనుకోకుండా. చెక్=ట్రూ మర్చిపోతే కమాండ్ విఫలమైనా స్క్రిప్ట్ ఏమీ ఎరగనట్టు ముందుకు పోతుంది. లిస్ట్ ఇచ్చి, అలవాటుగా షెల్=ట్రూ కూడా వదిలేయకండి: లినక్స్, మ్యాక్‌లలో మొదటి మాట ఒక్కటే కమాండ్ అవుతుంది, మిగతావి షెల్‌కే చేరతాయి. "గిట్", "స్టేటస్" అని ఇస్తే ఉత్త గిట్ నడిచి దాని హెల్ప్ కనిపించేది ఇందుకే.

షెల్ పోయాక అది చేసిపెట్టే పనులు మీ మీద పడతాయి. * గుర్తుని ఫైల్ పేర్లుగా విప్పడానికి గ్లాబ్ మాడ్యూల్, ~ కోసం పాత్.హోమ్, అవుట్‌పుట్ ఫైల్‌లోకి మళ్లించడానికి ఎస్‌టీడీఅవుట్‌కి తెరిచిన ఫైల్. విండోస్‌లో * ని షెల్ ఎప్పుడూ విప్పదు, ఆ పని ప్రోగ్రామే చేసుకోవాలి. కాబట్టి మీరే విప్పి ఇస్తే మూడు చోట్లా ఒకే ఫలితం.

విండోస్‌లో ఎదురయ్యేవి ఇంకా ఉన్నాయి. డిర్, కాపీ, డెల్ అనేవి విడి ప్రోగ్రామ్‌లు కావు, సీఎండీ లోపలే ఉంటాయి. షెల్ లేకుండా పిలిస్తే ఫైల్ దొరకలేదనే ఎర్రర్ వస్తుంది. వాటి కోసం షెల్ తెరవకండి, కాపీకి షటిల్ మాడ్యూల్, తొలగించడానికి పాత్‌లిబ్ ఉన్నాయి. ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చే ప్రోగ్రామ్) లాంటివి అక్కడ సీఎండీ ఎక్స్‌టెన్షన్ ఉన్న బ్యాచ్ ఫైల్స్ (సీఎండీ కమాండ్లు రాసిన ఫైల్స్), మామూలుగా పిలిస్తే విండోస్ ఈఎక్స్ఈ కోసమే చూస్తుంది. షటిల్.విచ్‌తో పూర్తి పాత్ తెచ్చుకుని దాన్నే లిస్ట్‌లో మొదట పెట్టండి. అయితే బ్యాచ్ ఫైల్‌ని నడపడానికి విండోస్ చాటుగా సీఎండీనే పిలుస్తుంది, అంటే పైన చెప్పిన కోతలన్నీ తిరిగొస్తాయి. 2024 ఏప్రిల్‌లో రస్ట్ భాష, జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్ రెండూ భద్రతా సవరణలు తెచ్చింది ఇందుకే. అప్పటి నుంచి నోడ్‌లో షెల్ ఆప్షన్ లేకుండా బ్యాచ్ ఫైల్‌ని స్పాన్ చేస్తే (అంటే మొదలుపెడితే) ఎర్రరే వస్తుంది. బయటివాళ్లు టైప్ చేసిన మాటల్ని బ్యాచ్ ఫైల్‌కి ఆర్గ్యుమెంట్‌గా అసలు ఇవ్వకండి.

పొడవుకీ హద్దుంది. విండోస్‌లో మొత్తం కమాండ్ లైన్ 32,767 అక్షరాలు దాటకూడదు, సీఎండీ మీదుగా వెళ్తే 8,191. వేల ఫైల్ పేర్లు ఇవ్వాల్సి వస్తే విడతలుగా పంపండి.

స్క్రిప్ట్‌లోంచి ఇంకో పైథాన్ స్క్రిప్ట్ నడపాలంటే "పైథాన్" అని పేరు రాయకుండా సిస్.ఎగ్జిక్యూటబుల్ వాడండి. ఆ పేరుతో కొన్ని మెషిన్లలో ఏమీ ఉండదు, కొన్ని విండోస్ మెషిన్లలో మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటి కలపాలని రన్‌లోని ఈఎన్‌వీ ఆర్గ్యుమెంట్‌కి ఆ ఒక్కదాన్నే ఇస్తే మిగతావన్నీ ఎగిరిపోతాయి, ప్రోగ్రామ్‌లని ఎక్కడ వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్‌తో సహా. విండోస్‌లో సిస్టమ్‌రూట్ లేకపోతే కొన్ని ప్రోగ్రామ్‌లు మొదలే కావు. ముందు ఓఎస్.ఎన్విరాన్ కాపీ తీసుకుని అందులో కలపండి.

అవుట్‌పుట్ చదివేటప్పుడు ఎన్‌కోడింగ్ (బైట్లని అక్షరాలుగా మార్చే పద్ధతి) మీరే చెప్పాలి. టెక్స్ట్=ట్రూ అంటే సరిపోదు: విండోస్‌లో చాలా పైథాన్ వెర్షన్లు దాన్ని సిస్టమ్ కోడ్ పేజీలో, అంటే విండోస్ సొంత ఎన్‌కోడింగ్‌లో చదువుతాయి, ప్రోగ్రామ్ యూటీఎఫ్-8లో తెలుగు పంపితే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, లేదా డీకోడ్ ఎర్రర్ వస్తుంది. పంపే ప్రోగ్రామ్ యూటీఎఫ్-8 వాడుతుందని తెలిస్తే ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8" అని రాయండి. సీఎండీ లోపలి కమాండ్లు మాత్రం వాటి కోడ్ పేజీలోనే పంపుతాయి, వాటిని తప్పించడానికి ఇదింకో కారణం.

రన్ బదులు పీఓపెన్‌తో ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టి, దాని అవుట్‌పుట్‌కి పైప్ పెట్టి, ముగిసేదాకా ఆగే వెయిట్‌ని నేరుగా పిలిస్తే చిన్న అవుట్‌పుట్‌కి ఏమీ కాదు. లినక్స్‌లో పైప్ మామూలుగా 64 కిలోబైట్లు పడుతుంది, అది నిండగానే అవతలి ప్రోగ్రామ్ ఆగి మీరు చదవాలని చూస్తుంది, మీరేమో అది ముగియాలని చూస్తుంటారు. ఇద్దరూ అలాగే ఉండిపోతారు. కమ్యూనికేట్ వాడితే ఈ బాధ లేదు, రన్ లోపల వాడేదీ అదే.

టైమ్‌అవుట్ కూడా షెల్ ఉంటే నమ్మకం లేదు. గడువు దాటితే చచ్చేది షెల్ మాత్రమే, అది మొదలుపెట్టిన ప్రోగ్రామ్ వెనక నడుస్తూనే ఉండొచ్చు. లినక్స్, మ్యాక్‌లలో పీఓపెన్‌కి స్టార్ట్_న్యూ_సెషన్=ట్రూ ఇచ్చి ఓఎస్.కిల్‌పీజీతో గుంపు మొత్తాన్నీ ఆపండి. విండోస్‌లో టాస్క్‌కిల్‌కి /టీ, /ఎఫ్ ఇస్తే పిల్ల ప్రాసెస్‌లతో సహా పోతాయి.

రిటర్న్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిశాక వచ్చే అంకె) లినక్స్‌లో -9 వస్తే ఎవరో సిగ్నల్‌తో చంపారని అర్థం, చాలాసార్లు మెమరీ చాలక కెర్నెల్ చేసే పని. అదే మధ్యలో షెల్ ఉంటే 137గా కనిపించవచ్చు. 127 అంటే కమాండ్ దొరకలేదు, 126 అంటే దొరికింది గానీ నడిపే అనుమతి లేదు. విండోస్‌లో 3221225477 కనిపిస్తే కంగారు పడకండి, ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకుని కూలిపోయింది.

తప్పనిసరిగా షెల్ స్క్రిప్టే కావాలంటే ఎస్‌హెచ్‌కి కట్టుబడి రాయండి, మ్యాక్‌లోని బ్యాష్ 3.2లో అసోసియేటివ్ అర్రేలు (పేరు చెప్తే విలువ ఇచ్చే పట్టికలు) లేవు. ఫైల్‌లోని మాటలు మార్చే సెడ్ కమాండ్‌కి -ఐ ఒక్కటే ఇస్తే లినక్స్ ఒప్పుకుంటుంది, మ్యాక్ పక్కన బ్యాకప్ ఎక్స్‌టెన్షన్ అడుగుతుంది. -ఐ.బ్యాక్ అని కలిపి రాస్తే రెండూ ఒప్పుకుంటాయి, మిగిలిన బ్యాకప్ ఫైల్‌ని తర్వాత తీసేయండి. విండోస్ ఎడిటర్‌లో సేవ్ చేసిన స్క్రిప్ట్ లినక్స్‌లో "బ్యాష్ దొరకలేదు" అంటే బ్యాష్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. మొదటి లైన్ చివర విండోస్ ఎడిటర్ పెట్టిన, కంటికి కనపడని క్యారేజ్ రిటర్న్ అనే గుర్తు ఉంది, సిస్టమ్ దాన్నీ పేరులో కలుపుకుని వెతుకుతోంది. గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్‌లో షెల్ స్క్రిప్టులకి లైన్ ఎండింగ్ ఎల్ఎఫ్ (లినక్స్ తరహా) అని రాసిపెడితే అది మళ్లీ చొరబడదు.