ఊరి ఫైర్ స్టేషన్ చరిత్ర రాయాలంటే ముందు ఎవరి దగ్గరికి పోవాలి

నెల్లూరైనా ఒంగోలైనా, మన ఊరి పెద్ద ఫైర్ స్టేషన్ చరిత్ర రాసిపెట్టాలనుకుంటే ముందే ఆఫీసుల చుట్టూ తిరగబాకండి, రిటైరైన ఫైర్‌మన్ ఎవరన్నా ఉంటే వాళ్ళింటికి పొండి. కాగితాలు వచ్చే ఏడు కూడా దొరుకుతాయి, ఆ పెద్దాయన ఉంటాడో లేదో.

మా వీధిలో ఒకాయన లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసి దిగిపోయాడు. "పెదనాయనా, స్టేషన్ ఏ సంవత్సరం పెట్టారు" అంటే గుర్తులేదబ్బా అని ఊరుకున్నాడు. రెండోసారి పోయి మీ కాలంలో బండికి నీళ్ళు యాడ పట్టేవాళ్ళు, రాత్రిపూట ఫోను ఎవరు ఎత్తేవాళ్ళు అని అడిగా, ఇంక ఆపితే ఒట్టు. భుజం మీద తువ్వాలు తీసి, సగానికి మడిచి నేలమీద పరిచి, హోస్ పైపు ఎట్ట చుట్టాలో చేసి చూపించాడు, మడత కాడ్నుంచి చుట్టుకుంటా వస్తే రెండు కొసలూ బయటే ఉంటాయి, విసిరితే ఒక్కసారిగా పరుచుకుంటుందంట. అందుకే తారీఖులు కాదు, పని గురించి అడగండి. చెప్పి ఫోన్లో రికార్డు చేసుకోండి.

తర్వాత కాగితాలు. 1953 అక్టోబర్ 1 దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం కాబట్టి అంతకుముందు సర్కారు ఫైళ్ళకి చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో వెతకాలి. నెల్లూరు మునిసిపాలిటీ 1866 నాటిది, పాత కౌన్సిల్ తీర్మానాలేమన్నా ఉన్నాయేమో కార్పొరేషన్‌లో అడగండి. ప్రకాశం వాళ్ళకి ఇంకో తిరకాసుంది, 1970 ఫిబ్రవరిలో జిల్లా ఏర్పడకముందు ఒంగోలు గుంటూరు కింద, కందుకూరు నెల్లూరు కింద, మార్కాపురం కర్నూలు కింద ఉండేవి, ఏ ఊరి ఫైలుకి ఆ పాత జిల్లాలో చూడాలి.

జిల్లా ఫైర్ ఆఫీసుకి 10 రూపాయలతో ఆర్టీఐ పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "చరిత్ర ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. ఏ జీవోతో శాంక్షనైంది, ఏ రోజు ఓపెనైంది, మొదట ఎన్ని బండ్లిచ్చారు, ఇట్ట విడివిడిగా అడగండి.

స్టేషన్ లోపల చూడాలంటే ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఫైర్ వారోత్సవాలప్పుడు పొండి. 1944లో ఆ 14వ తారీఖునే బొంబాయి రేవులో పత్తి, మందుగుండు ఉన్న ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు, వాళ్ళని తలుచుకునే వారం అది. గోడమీద శిలాఫలకం, ఆఫీసర్ల పేర్ల బోర్డు ఉంటే అడిగి ఫోటో తీసుకోండి. మీ బండి మాత్రం ఫైరింజను బయటికొచ్చే దారిలో పెట్టబాకండి.

రాసింది ముందు ఆ పెద్దాయనకే చదివి వినిపించండి. నేను "మోటరు" అని రాసినకాడ మా పెదనాయన ఆపి, "అది ట్రైలర్ పంపు అబ్బా, బండి వెనక తగిలించి లాక్కపోయేది" అని కొట్టేసి మళ్ళీ రాయించాడు.