మస్ట్ హావ్, షుడ్ హావ్ క్లాసులో ఎలా చెప్పాలి? ముందు "ఉండాలి" సంగతి తేల్చండి

కెన్, కుడ్, మే, మైట్ అని బోర్డు మీద గళ్ళు గీసి, ఒక్కో దాని పక్కన ఒక్కో తెలుగు అర్థం రాసేసి "ఇంతే మోడల్స్ (అసలు క్రియకి ముందు చేరే సహాయక క్రియలు)" అని చేతులు దులుపుకునే క్లాసులు చాలా చూశాను, ఆ బోర్డుని ఫోన్లో ఫోటో తీసుకుని నా దగ్గరికొచ్చే పిల్లల్ని అంతకంటే ఎక్కువ చూశాను. ఆ ఫోటోలో షుడ్ అంటే "చేయాలి"లో చివర వచ్చే "ఆలి" అనుంటుంది, మస్ట్ అన్నా "ఆలి" అనే ఉంటుంది. మరి రెండెందుకమ్మా అని అడిగితే "మస్ట్ అంటే కొంచెం గట్టిగా మేడమ్" అంటారు. ప్రెజెంట్‌లో మాట్లాడినంతసేపూ ఆ సమాధానంతో బండి నడిచిపోతుంది, పక్కన హావ్ వచ్చి చేరగానే బోల్తా పడుతుంది.

ఇది కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కాదు. గో, వెంట్, గాన్ అని తడుముకోకుండా చెప్పలేనివాళ్ళు ఉంటే ఇంకో నెలాగండి.

కావాల్సినవి: బోర్డు, రెండు రంగుల మార్కర్లు, ఒక తాళం కప్ప. వర్క్‌షీట్లు వద్దు. మొదటి గంట పెన్ను కూడా పట్టుకోనివ్వకూడదు.

స్టెప్ 1. ఒక ఖాళీ కుర్చీ చూపించండి. దాని మీద ఎవరిదో బ్యాగు పెట్టండి, ముందు బల్ల మీద సగం తాగిన టీ పెట్టండి. "ఈ మనిషి ఏమైనట్టు?" అని తెలుగులోనే అడగండి. ఫోన్ వచ్చుంటుంది అని ఒకరంటారు, కిందికెళ్ళుండొచ్చు అని ఇంకొకరు, ఇంటికైతే వెళ్ళుండడు బ్యాగు ఇక్కడే ఉందిగా అని మూడోవాళ్ళు, ఏదైనా చెప్పి వెళ్ళాల్సింది అని వెనక బెంచీ. అయిపోయింది, సగం సిలబస్ వాళ్ళ నోటితోనే వచ్చేసింది.

స్టెప్ 2. ఆ మాటలు ఒక రంగులో రాసి, ఎదురుగా ఇంకో రంగులో ఇంగ్లిష్ రాయండి. వెళ్ళుంటాడు అంటే మస్ట్ హావ్ గాన్, వెళ్ళుండొచ్చు అంటే మైట్ హావ్ గాన్, వెళ్ళుండడు అంటే కాంట్ హావ్ గాన్, వెళ్ళాల్సింది అంటే షుడ్ హావ్ గాన్. కాంట్ హావ్ దగ్గర ఎవరో ఒకరు "మస్ట్ నాట్ హావ్ అనకూడదా మేడమ్" అంటారు. అమెరికాలో అంటారు, తప్పు కాదు, కానీ నా క్లాసులో మాత్రం కాంట్ హావే, ఎందుకంటే మస్ట్ నాట్ అంటే "చేయకూడదు" అని ఇప్పటికే మనసులో నాటుకుపోయి ఉంటుంది, దాన్ని ఇవాళ కెలకడం నాకిష్టం లేదు. ఇంకోటి, "ఉంటాడు" అన్న ప్రతిసారీ ఆధారమేంటి అని అడగండి. టీ ఇంకా వేడిగా ఉంది, బ్యాగు ఇక్కడే ఉంది, ఇలా ఏదో ఒకటి చెప్పాలి. ఊరికే అనిపించింది అంటే మస్ట్ ఇవ్వకండి, మైట్‌తో సరిపెట్టండి.

స్టెప్ 3. అందరూ పాడుచేసేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

నా దగ్గర చదివిన ఒకమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో విదేశీ క్లయింట్‌కి మెయిల్ పెట్టింది. తన మనసులో ఉన్నది "మీరు ముందే చెప్పుండాలి, నేనే చూసుకోలేదు, సారీ" అని. రాసింది "యూ షుడ్ హావ్ టోల్డ్ అస్ అర్లియర్" అని. పాపం ఆ పిల్ల సారీ చెప్తున్నాననుకుంది, అవతలాయన మాత్రం "ముందే చెప్పి ఏడవొచ్చుగా" అన్నట్టు చదువుకున్నాడు, మేనేజర్ దాకా వెళ్ళింది గొడవ. గ్రామర్‌లో ఒక్క తప్పు లేదు ఆ వాక్యంలో. రావాల్సింది మస్ట్ హావ్, అంతే.

తప్పు ఆ అమ్మాయిది కాదు, "ఉండాలి"ది. మనం "వాడే చెప్పుండాలి" అంటాం, అది అంచనా. "నువ్వు ముందే చెప్పుండాలి కదా" అంటాం, అది నిష్ఠూరం. తెలుగులో గొంతు మారుతుంది, పక్కన ఒక "కదా" చేరుతుంది, వినేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో మాత్రం మొదటిదానికి మస్ట్ హావ్, రెండోదానికి షుడ్ హావ్, మారిస్తే మర్యాదే పోతుంది.

అందుకే "ఉండాలి" నుంచి నేరుగా ఇంగ్లిష్‌లోకి దూకనివ్వకండి. ముందు తెలుగులోనే మార్పించండి. ఆ చోట "చెప్పుంటాడు" పెడితే అతికిందా? మస్ట్ హావ్. "చెప్పాల్సింది" అతికిందా? షుడ్ హావ్. ఇప్పుడు తాళం కప్ప తీయండి. తాళం వేసి పట్టుకుని "ఆవిడే వేసుండాలి" అనండి. తెరిచి పట్టుకుని "నువ్వు వేసుండాలి కదా" అనండి. ప్రతిసారీ అడగాల్సింది ఒక్కటే ప్రశ్న, తాళం పడిందా లేదా? మస్ట్ హావ్‌లో పడిందని నమ్ముతున్నాం, షుడ్ హావ్‌లో పడలేదు. పదిసార్లు చేయించండి, విసుక్కున్నా చేయించండి. తర్వాత షుడ్ నాట్ హావ్ తీసుకోండి, "ఆ మాట అనకుండా ఉండాల్సింది" అంటే అనేసినట్టే. నాట్ చూసి "అనలేదు" అని చెప్పేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

"పార్శిల్ ఈపాటికి చేరుండాలి" అన్నదానికి షుడ్ హావ్ రీచ్డ్ వస్తుంది కదా, అందులో నిష్ఠూరమేముంది అని ఎవరైనా అడిగితే వాళ్ళకి మార్కులు వేసి, రేపు చెప్తానని చెప్పండి. నిజంగానే రేపు చెప్పండి. ఇవాళే కలిపితే కట్టిందంతా కూలిపోతుంది.

క్లాసులో తెలుగు ముక్క వినపడకూడదు, ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలి అనే సార్లు ఉంటారు. సరే, ఆలోచించమనండి. పిల్లలు బయటికి అనరు గానీ లోపల "ఉండాలి" అనే అనుకుంటారు, ఆ లోపలి తప్పు మీకెప్పటికీ వినపడదు. నాకు వినపడాలి, అందుకే బయటికే అనిపిస్తాను.

స్టెప్ 4. "నిన్న బ్యాంకుకి వెళ్ళాల్సి వచ్చింది" అన్నదానికి మస్ట్ హావ్ గాన్ అనేవాళ్ళుంటారు. అది హాడ్ టు గో. ఇష్టమున్నా లేకపోయినా వెళ్ళొచ్చాం, అందులో అంచనా ఏమీ లేదు. ఐదు నిమిషాల పని.

స్టెప్ 5. పలకడం. మస్ట్, హావ్ అని విడదీసి కొడితే వినేవాళ్ళకి సుత్తిదెబ్బల్లా ఉంటుంది. మస్టవ్, షుడవ్, మైటవ్ అని కలిపి అనిపించండి. హోంవర్క్ నోట్‌బుక్‌లో వద్దు, ఇంట్లో జరిగిన ఏదో ఒక విషయం మీద ఒక మస్ట్ హావ్, ఒక షుడ్ హావ్ వాట్సాప్ వాయిస్‌లో పంపమనండి. కూరలో ఉప్పెక్కువైందనో, మోటారు ఆపలేదనో వస్తాయి, అవి చాలు.

వెళ్ళేముందు తాళం కప్ప వెనక్కి తీసుకోండి, నావి ఇప్పటికి రెండు పోయాయి. ఎవరో ఒకరు మస్టవ్ టేకెన్ ఇట్.