బాల్కనీలో తాగినా పొగ పాప దగ్గరికే వస్తుంది: ఇంట్లో వాళ్లతో సిగరెట్ మాన్పించడం ఎలా

మా తమ్ముడు రోజుకి పది, పన్నెండు సిగరెట్లు కాల్చేవాడు. పాప పుట్టాక ఇంట్లో తాగకూడదని తనే ఒక రూల్ పెట్టుకుని, బాల్కనీ తలుపు వేసుకుని అటు తిరిగి తాగేవాడు. అయినా పాపకి జలుబు చేసిన ప్రతిసారీ పిల్లికూతలు, నెబ్యులైజర్, అర్ధరాత్రి ఆటోలో ఆస్పత్రికి పరుగు. పిల్లల డాక్టర్ గారు మొదట అడిగిన మాటే "ఇంట్లో సిగరెట్ ఎవరు తాగుతారు?" అని. వాడు మానేసి ఇప్పటికి మూడేళ్లు. అప్పుడు నేనూ మా మరదలూ చేసిన పనులు, చేసిన తప్పులు కూడా రాస్తున్నాను, మీ ఇంట్లో ఎవరికైనా పనికొస్తాయని.

ముందు ఈ బాల్కనీ సంగతి తేల్చుకోవాలి. పొగ కిటికీ సందుల్లోంచి లోపలికొస్తుంది, చొక్కాకీ జుట్టుకీ పట్టుకుని వస్తుంది, తాగి రాగానే పాపని ఎత్తుకుంటే అది భుజం మీద ముఖం పెట్టి పీల్చేది దాన్నే. సోఫాకీ కర్టెన్లకీ నేలకీ అంటిన నికోటిన్ ఒక పట్టాన పోదు, పాకే పిల్లలేమో అక్కడ ఆడిన చేతులే నోట్లో పెట్టుకుంటారు. సిగరెట్ పొగలో 7,000కి పైగా రసాయనాలుంటే వాటిలో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవే. పిల్లల ఊపిరి గొట్టాలు సన్నం, పెద్దవాళ్ల కంటే గబగబా ఊపిరి తీస్తారు, అందుకే న్యుమోనియా, ఆస్తమా, మాటిమాటికీ చెవి ఇన్ఫెక్షన్. ఫ్యాన్ వేసినా, కారు అద్దాలు దించినా చాలదు. ఇంత పొగైతే ఫరవాలేదు అనే లెక్కే లేదని అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రజారోగ్యానికి పెద్ద డాక్టర్) 2006 నివేదికలో తేల్చి చెప్పారు. కాబట్టి మానేసే దాకా అయినా ఇంట్లో, బాల్కనీలో, కారులో ఎవరూ తాగకూడదు, చుట్టాలొచ్చినా సరే. బయట తాగి వస్తే చొక్కా మార్చుకుని, ముఖం, చేతులు కడుక్కున్నాకే బిడ్డని ముట్టుకోవాలి. దీంతో పొగ తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, అసలు పరిష్కారం సిగరెట్ మానేయడమే.

ఇక మా తప్పులు. ప్యాకెట్లు దాచాం, ఏడ్చాం, చివరికి మా అమ్మ బిడ్డ మీద ఒట్టు వేయించింది. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. నాలుగో రోజుకి ఒట్టు తప్పాడు, పాపకి ఏమవుతుందోనని లోపల కుమిలిపోయి, ఆ టెన్షన్‌లో ఇంకో రెండు ఎక్కువ తాగి, సోంపు నములుతూ ఇంటికి రావడం మొదలుపెట్టాడు. నికోటిన్‌కి అలవాటుపడ్డ మెదడు ఒట్లకి లొంగదు.

గొడవ లేని పూట చూసి, మరదలు కూర్చుని నెమ్మదిగా అడిగింది: మానాలని ఉందా, ఉంటే ఎక్కడ కష్టమవుతోంది? అప్పుడు చెప్పాడు, పొద్దున కాఫీతో ఒకటి పడకపోతే మోషన్ రాదని భయమట. ఇది చాలామంది మగవాళ్లు బయటికి చెప్పుకోని కారణం. మానిన కొత్తలో కొందరికి మలబద్ధకం రావడం నిజమే, కొన్నాళ్లకి సర్దుకుంటుంది. లేవగానే గోరువెచ్చని నీళ్లు, కాసేపు నడక, రోజూ జామకాయో అరటిపండో, వాడికైతే ఇవే సరిపోయాయి.

తర్వాత రెండు వారాల లోపు ఒక తేదీ పెట్టుకోండి. ఆలోగా ఒక చిన్న కాగితం మీద ప్రతి సిగరెట్ ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అని రాయమనండి. మా వాడి కాగితంలో సగం టీ కొట్టు దగ్గరే తేలాయి, అందుకని మొదటి నెల టీ ఆఫీసులోనే తాగాడు, స్నేహితులకి ముందే చెప్పేశాడు. ముందు రోజు లైటర్లు, యాష్‌ట్రే, బండి డిక్కీలో మిగిలినవి అన్నీ పారేసి, కర్టెన్లూ దుప్పట్లూ ఉతికేయండి.

సిగరెట్ ప్యాకెట్ మీదే ఉంటుంది 1800-11-2356 అని, అది ప్రభుత్వ క్విట్‌లైన్, అంటే మానడానికి సాయం చేసే ఫోన్ నంబర్, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఫోన్‌లో మాట్లాడటం ఇష్టం లేకపోతే 011-22901701కి మిస్డ్ కాల్ ఇస్తే మెసేజ్‌లు వస్తాయి.

సిగరెట్ బదులు కొద్దిగా నికోటిన్ అందించి ఆరాటం తగ్గించే నికోటిన్ గమ్ గురించి డాక్టర్‌ని అడగండి, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు తప్పకుండా అడగాలి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకి సాధారణంగా 4 మి.గ్రా., మిగతావాళ్లకి 2 మి.గ్రా. ఇస్తారు. చాలామంది దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేసి, ఎక్కిళ్లూ కడుపులో మంటా వచ్చి, పనిచేయలేదని వదిలేస్తారు. నాలుగైదుసార్లు మెల్లగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే ఆపి, చెంపకీ చిగురుకీ మధ్య పెట్టాలి, ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి, అలా అరగంట. గమ్‌కి ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, టీ వద్దు. ఈ-సిగరెట్ జోలికి పోకండి, మన దేశంలో 2019 నుంచి నిషేధం.

మొదటి మూడు రోజులు బాగా కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి, చిన్నదానికే అరుపులు, తర్వాత రెండు మూడు వారాల్లో నెమ్మదిస్తాయి. ఆ కోపం మీ మీద కాదు, నికోటిన్ అందక వచ్చేది, మాటకి మాట అనకండి. తాగాలనే ఆరాటం వచ్చినప్పుడు కొన్ని నిమిషాలు దాటిస్తే చాలు: చల్లటి నీళ్లు, నోట్లో లవంగం, పాపని ఎత్తుకుని మెట్లు దిగి రావడం. మరదలు ఆ వారం ఇంటి లెక్కలు, అత్తింటి పంచాయితీలు ఏవీ ఎత్తలేదు, అదే పెద్ద సాయం.

ఇంట్లో తాతయ్య చుట్ట తాగినా, శ్రీకాకుళం, విశాఖ వైపు నానమ్మలు నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగినా ఇవే పనికొస్తాయి. అడ్డపొగ తాగేవాళ్లకి అంగిలి క్యాన్సర్ ముప్పు ఎక్కువ, ఒకసారి దంతాల డాక్టర్‌కి నోరు చూపించండి.

రెండో నెలలో మా వాడు ఒక పెళ్లిలో స్నేహితులతో ఒకటి వెలిగించాడు. రాత్రి మరదలికి తనే చెప్పాడు, ఆమె తిట్టలేదు, ఎవరిచ్చారు, ఆ టైంలో గమ్ జేబులో ఉందా అని మాత్రం అడిగింది. లేదట. మర్నాటి నుంచి ఏ ఫంక్షన్‌కి వెళ్లినా చొక్కా జేబులో గమ్ షీట్ తనే పెట్టి పంపించేది.