పాతకాలపు కుటుంబ ఫోటో దొరికితే ముందు ఏం చేయాలి, ఏం చేయకూడదు

పెట్టె అడుగున ముత్తాతల ఫోటో దొరగ్గానే చేయి గుడ్డ మీదకు పోతుంది. దయచేసి తుడవకండి. ముందు అది దేని మీద తీసిన ఫోటోనో తేల్చుకోవాలి.

కిటికీ వెలుతురులో అటూ ఇటూ వంచి చూడండి. ఒక కోణంలో మామూలు బొమ్మ, ఇంకో కోణంలో నెగటివ్, మధ్యలో అద్దంలా మీ ముఖం కనిపిస్తే అది డాగురోటైప్. వెండి పూత వేసిన రాగి రేకు మీద తీసే ఈ పద్ధతిని లోకానికి ప్రకటించింది 1839లో. ఎటు వంచినా బొమ్మ మారక, గాజు పలక వెనక నల్ల పూతో నల్ల గుడ్డో ఉంటే ఆంబ్రోటైప్, 1850లలో వచ్చింది. ఫోటో మీద కప్పిన పై గాజుకు చిన్న అయస్కాంతం ఆనించినప్పుడు లాగితే టిన్‌టైప్ అయ్యే అవకాశం ఎక్కువ. పేరులో టిన్ ఉన్నా అది ఇనుప రేకే. అట్ట మీద అంటించిన పల్చటి కాగితమైతే, ఆ అట్ట సుమారు 64×100 మిల్లీమీటర్లుంటే కార్ట్ ద విజిత్, 108×165 ఉంటే క్యాబినెట్ కార్డ్.

డాగురోటైప్‌లో బొమ్మంటే రేకు పైన నిలిచిన వెండి, పాదరసాల సూక్ష్మ కణాలే. మెత్తటి దూది తగిలినా చెరిగిపోతుంది, మళ్లీ రాదు. అంచుల్లో నీలం, గోధుమ రంగు మరకలు కనిపిస్తే చుట్టూ అంటించిన కాగితపు పట్టీ సందుల్లోంచి గాలి చేరిందని అర్థం. వాటిని పోగొట్టాలని ఏ ద్రావకమూ వాడకండి. పై గాజు లోపలివైపు చిన్న చుక్కలో తెల్లటి మసకో పడితే గాజే పాడవుతోంది. దాన్ని మార్చడం ఫోటోల సంరక్షణ నిపుణుల పని.

ఆంబ్రోటైప్‌లో ముఖం మీద తెల్లటి మచ్చలు పడితే బొమ్మ పోయిందని కంగారు పడతారు. చాలాసార్లు బొమ్మ అలాగే ఉంటుంది, వెనక నల్ల పూత రాలిందంతే. పై గాజుతో పాటు ఫ్రేములోనే ఉంచి, వెనకవైపు నల్ల కాగితం చేర్చి చూస్తే తెలిసిపోతుంది. మిగిలిన పూతను మాత్రం గీకకండి. టిన్‌టైప్‌ను వంచితే పైపొర పగులుతుంది, తడి తగిలితే పొర కింద తుప్పు ఉబ్బుతుంది.

కాపీ తీయడానికి కాగితపు ఫోటోలకు స్కానర్ చాలు: కార్ట్ ద విజిత్‌కు 1200, క్యాబినెట్ కార్డ్‌కు 600 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క), దాచేది నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా. వెనకవైపూ తీయండి, స్టూడియో పేరు, ఊరు అక్కడే ఉంటాయి. డాగురోటైప్‌ను కెమెరాతోనే తీయాలి. నల్ల అట్టకు రంధ్రం చేసి లెన్స్‌ను అందులోంచి పెట్టి, దీపాలను పక్కనుంచి వేయండి. రేకులో ఆ నలుపు ప్రతిఫలించినప్పుడే ముఖం స్పష్టంగా వస్తుంది. డాగురోటైప్, టిన్‌టైప్ బొమ్మలు ఎక్కువగా కుడి ఎడమలు తారుమారై ఉంటాయి కాబట్టి బొత్తాలనో ఉంగరపు చేతినో చూసి నిర్ణయాలకు రాకండి. తిప్పిన కాపీని విడిగా దాచండి.

ఆమ్లం లేని కాగితపు కవరులో, 18 డిగ్రీల దగ్గర, గాలిలో తేమ 30 నుంచి 40 శాతం ఉండేచోట పెట్టండి. పీవీసీ కవర్లు వద్దు. కవరులో ఫోటో పెట్టక ముందే ఆ కవరు మీద పెన్సిల్‌తో ఫోటోలోని మనిషి పేరు, ఆ పేరు ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో రాయండి.