అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చదవడం – 3వ పాఠం: ఆయువుపట్టు ఎక్కడుంది?

ఈ చట్టం చేసే అధికారం కాంగ్రెస్‌కు (అమెరికా పార్లమెంటుకు) రాజ్యాంగంలో ఎక్కడిది? తీర్పు చేతికి రాగానే ఈ ప్రశ్న వేయడం పోయిన పాఠంలో అలవాటు చేసుకున్నాం. ఇప్పుడు రెండో మెట్టు. ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టి, కోర్టు ఏ వాస్తవాన్ని పట్టుకుని అటో ఇటో తేల్చిందో వెతకాలి.

1942 నాటి విక్కర్డ్ వర్సెస్ ఫిల్‌బర్న్ తీసుకోండి. ఒహాయో రైతు ఫిల్‌బర్న్ 11.1 ఎకరాల్లోనే గోధుమ వేయాలని ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోటా. ఆయన 23 ఎకరాలు వేశాడు. 117 డాలర్ల 11 సెంట్ల జరిమానా పడింది. రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం రాజ్యాంగం కాంగ్రెస్‌కు ఇచ్చింది; ఈ కోటాకు ఆధారం అదే. సొంత పశువులకు, ఇంటికి వాడుకునే గింజలు రాష్ట్రం దాటవు కదా, ఇది అంతర్రాష్ట్ర వాణిజ్యం ఎలా అవుతుందని ఆయన అడిగాడు. న్యాయమే అనిపిస్తుంది. కానీ ఇంట్లో పండించుకున్నవాడు బజారులో కొనడు. ఒక్కడైతే లెక్కలోకి రాడు. అలాంటి రైతులందరినీ కలిపి చూస్తే దేశమంతటా గోధుమ ధర మీద ప్రభావం పడుతుందని కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. ‘అందరినీ కలిపి చూస్తే’ అన్నదే ఈ తీర్పుకు ఆయువుపట్టు. పెన్సిల్‌తో గీత గీయాల్సింది అక్కడే.

ఇక 1995 నాటి లోపెజ్ కేసు. టెక్సాస్‌లో ఒక విద్యార్థి బడికి తుపాకీ తెచ్చాడు. బడి దగ్గర తుపాకీ ఉండకూడదన్న ఫెడరల్ చట్టం కింద కేసు పడింది. బడి దగ్గర తుపాకీ ఉంటే చదువు దెబ్బతింటుంది, దాంతో ఆర్థిక వ్యవస్థా దెబ్బతింటుందని ఫెడరల్ ప్రభుత్వం వాదించింది. 5-4 మెజారిటీతో కోర్టు ఒప్పుకోలేదు, ఆ చట్టాన్ని కొట్టేసింది. తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఆర్థిక కార్యకలాపమే కాదంది. ఇలా ముడివేసుకుంటూ పోతే కాంగ్రెస్ చేతికి అందనిదంటూ ఏదీ మిగలదంది.

దీంతో విక్కర్డ్ రద్దయిందని చాలామంది పొరబడతారు. కాలేదు. గోధుమ సాగు ఆర్థిక వ్యవహారం, ఇది కాదు అని కోర్టు విడదీసిందంతే. కేంద్రానికీ రాష్ట్రాలకీ మధ్య సరిహద్దు ఎక్కువగా జరిగేది ఇలాగేనని నా అభిప్రాయం: పాత తీర్పు అలాగే ఉంటుంది, దాన్ని ఎంతదాకా సాగదీయొచ్చో కొత్త తీర్పు చెబుతుంది. కాంగ్రెస్ కూడా ఆ సంకేతం పట్టుకుంది. తుపాకీకి అంతర్రాష్ట్ర వాణిజ్యంతో సంబంధం ఉండాలన్న షరతు చేర్చి 1996లో అదే చట్టాన్ని మళ్లీ తెచ్చింది.

అభ్యాసం: 2005 నాటి గొంజాలెజ్ వర్సెస్ రెయిచ్. ఫెడరల్ చట్టం నిషేధించినా కాలిఫోర్నియా చట్టం అనుమతించిన, వైద్యం కోసం ఇంట్లో పెంచుకున్న గంజాయి ఇది. ఇది ఫిల్‌బర్న్ గోధుమ లాంటిదా, లోపెజ్ తుపాకీ లాంటిదా? ముందు మీ జవాబు రెండు వాక్యాల్లో రాసి, తర్వాతే తీర్పు తెరవండి. లోపెజ్‌లో మెజారిటీతో ఉన్న జస్టిస్ స్కాలియా ఇక్కడ ఫెడరల్ ప్రభుత్వం వైపు నిలిచి, విడిగా రాశారు. ఆయన ఏ రాజ్యాంగ నిబంధన మీద నిలబడ్డారో గుర్తించి పెట్టుకోండి. 4వ పాఠం దాని మీదే.