దెయ్యాలు మినుకుమినుకుమన్నాయి

అటారి 2600 అనే పాత గేమ్ యంత్రంలో వచ్చిన ప్యాక్‌మ్యాన్ ఆటని, ఆ యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే స్టెల్లా ఎమ్యులేటర్‌లో పెట్టి చూస్తే దెయ్యాలు ఉన్నట్టూ లేనట్టూ మిణుకుమంటున్నాయి. కళ్లు లాగేశాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ పాడైందనుకుని తీసేసి మళ్లీ వేశాను. ఒక సాయంత్రం దండగ!

ఆట ఆపి స్క్రీన్‌షాట్ తీస్తే అసలు సంగతి బయటపడింది. బొమ్మలో ఉన్నది ఒక్కటే దెయ్యం. 1977 నాటి ఆ యంత్రానికి ఉన్న ర్యామ్ 128 బైట్లు. తెర మొత్తాన్ని దాచుకునే చోటే లేదు. పాత టీవీ తెరని వెలిగించే ఎలక్ట్రాన్ పుంజం గీత గీతకీ కదులుతుంటే ప్రోగ్రామే దాని వెంట పరుగెత్తి బొమ్మ గీయాలి. ఆటగాళ్ల బొమ్మలకి హార్డ్‌వేర్‌లో ఉన్న చోట్లు రెండే, ఒకటి ప్యాక్‌మ్యాన్‌కి పోతే దెయ్యాలకి మిగిలేది ఒకటే. అందుకని నాలుగు దెయ్యాల్నీ ఫ్రేముకొకటి చొప్పున వంతులవారీగా చూపించారు. పాత టీవీ పిక్చర్ ట్యూబులో ఫాస్ఫర్ పూత వెలుగు కాస్త ఆగి ఆరేది కాబట్టి ఆ మిణుకు కొంత మెత్తబడేది. ఎల్‌సీడీ తెరకి ఆ మొహమాటం లేదు.

స్టెల్లా సెట్టింగుల్లోని టీవీ ఎఫెక్ట్స్‌లో ఫాస్ఫర్ ఆన్ చేశాను. పాత ఫ్రేము కొత్తదానిలో కొంచెం కలుస్తుంది. మొదట బాగా పెంచేస్తే ప్యాక్‌మ్యాన్‌కి తోక మొలిచింది, సగానికి తగ్గించాను. అయినా మధ్యలో ఒక కుదుపు మిగిలింది. నా మానిటర్ 75 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 75 సార్లు తెర మార్చేలా ఉంది, ఆటేమో 60. మానిటర్‌ని 60కి మార్చి, ఆట ఫ్రేముల్ని మానిటర్ వేగంతో కలిపే వీసింక్ పెట్టాక అదీ పోయింది.

దెయ్యాలు ఇప్పటికీ కొంచెం వెలవెలబోతూనే ఉంటాయి. దెయ్యాలేగా, పర్లేదు.